ఆగి ఉన్న లారీలో దాగిన బలం: ఇంటి దగ్గర చేసుకోగల పనులు, ముట్టకూడని పనులు

చెన్నైలో మాధవరం దాటి రెడ్‌హిల్స్ వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా ఖాళీ స్థలాల్లో లారీలు నిలిపి ఉంటాయి. కొన్ని ఎన్నూరు రేవుకు కంటైనర్లు మోసేవి, కొన్ని ఇసుక, కంకర తోలేవి, మరికొన్ని గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట మీదుగా నెల్లూరు దాకా సరుకుతో వెళ్లి వచ్చేవి. తెలుగు మాట్లాడే కుటుంబాలకు కూడు పెట్టే బండ్లూ వీటిలో ఉన్నాయి. ఒకటి లేదా రెండు లారీలు, యజమానే డ్రైవరు, వెంట తమ్ముడో బావమరిదో. ఇలాంటి ఇంట్లో బండి షెడ్డులో పడుకున్న రోజు సంపాదన ఉండదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. అందుకే చిన్నా చితకా పనులు ఇంటి ముందే చేసుకోవాలన్న ఆలోచన సహజంగా పుడుతుంది. ఆ ఆలోచన మంచిదే. కానీ ఏ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు, ఏది చేయకూడదు అన్న దగ్గరే చాలామంది గీతను తప్పుగా గీస్తున్నారు.

పనిముట్లు, నేర్పు ఉంటే చాలునని, అవి రెండూ ఉన్నవాడు ఏ పనైనా చేసుకోవచ్చని అనుకుంటారు. లారీ విషయంలో ఈ లెక్క సరిపోదు. కారు ఇంజను ఆపితే దాదాపు అంతా ఆగిపోతుంది. లారీ ఇంజను ఆపినా దానిలో బలం దాగే ఉంటుంది. ట్యాంకుల్లో నొక్కిపట్టిన గాలి, బ్రేకు చాంబరులో అణిగి ఉన్న స్ప్రింగు, టైరులో వంద పౌండ్లకు పైబడిన ఒత్తిడి, జాకీ మీద నిలిచిన టన్నుల బరువు, పైకి లేపిన క్యాబిన్ లేదా టిప్పర్ తొట్టి, ఇవన్నీ తాళంచెవి జేబులో ఉన్నా పనిచేసే శక్తులే. కాబట్టి గీత గీయవలసింది నేర్పు దగ్గర కాదు, ఈ దాగిన బలం దగ్గర. విప్పబోయే నట్టు వెనక ఏ బలం ఆగి ఉందో చెప్పగలిగితే ఆ పని గురించి ఆలోచించవచ్చు. చెప్పలేకపోతే స్పానర్ కింద పెట్టాలి.

ముందు చేసుకోవలసిన పనుల సంగతి. అన్నిటికంటే విలువైనది ఇంజన్ ఆయిల్ చూడటం, అన్నిటికంటే అశ్రద్ధగా జరిగేదీ అదే. బండి సమతలంగా నిలిచి ఉండాలి, ఇంజను ఆపి కనీసం పది నిమిషాలు గడవాలి, అప్పుడే డిప్‌స్టిక్ నిజం చెబుతుంది. మట్టం రెండు గీతల మధ్య ఉందా అని మాత్రమే చూసి పెట్టేస్తే సగం పనే అయినట్టు. ఆయిల్ చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడాలి. డీజిల్ ఇంజన్‌లో నల్లబడటం మామూలే, దానికి కంగారుపడనక్కరలేదు. వేళ్ల మధ్య గరుకుగా తగిలితే దుమ్ము లోపలికి పోతోందని అర్థం. పాలు కలిపిన కాఫీ రంగులోకి వస్తే ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ద్రవం, అంటే కూలెంట్, ఆయిల్‌లో కలుస్తోంది, ఆ బండిని ఇక స్టార్టు చేయకూడదు. వెలుతురులో వెండి పొడిలా మెరిస్తే బేరింగులు అరుగుతున్నాయి. మట్టం తగ్గకపోగా పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే ఇంధనం కిందికి దిగుతోంది. కొత్త తరం బండ్లలో ఈ చివరి లక్షణం ఎక్కువగా ఎదురవుతుంది, కారణం తర్వాత చెప్పుకుందాం. ఇంజన్ విప్పి చూడాల్సిన జబ్బుల్లో చాలా వాటి తొలి కబురు ఈ ఒక్క చుక్కలోనే అందుతుంది.

ఆయిల్ మార్చడం కూడా ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయాలి, ఫిల్టరు రబ్బరు రింగుకు కొంచెం ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. టర్బో ఉన్న ఇంజన్ అయితే కొత్త ఆయిల్ పోసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కకూడదు. కొద్ది నిమిషాలు నిదానంగా తిరగనిస్తే ఆయిల్ టర్బో బేరింగు దాకా చేరుతుంది. ఎండలో లోడుతో వచ్చి ఆగినప్పుడూ ఇదే మర్యాద పాటించాలి, వచ్చీరాగానే తాళం తిప్పేయకూడదు.

ఇక రేడియేటర్. ఉత్తర చెన్నై పరిసరాల్లో ఇది ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం. మీంజూరు చుట్టుపక్కల భూగర్భ జలాల్లోకి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొచ్చిన సంగతి దశాబ్దాలుగా తెలిసిందే. ఆ బోరు నీటినే బకెట్‌తో రేడియేటర్లో పోసేవారు ఇప్పటికీ ఉన్నారు. వంటింట్లో గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది, ఉప్పు లోహాన్ని తింటుంది. కొన్ని నెలల తర్వాత ఎండాకాలంలో లోడు మీద బండి వేడెక్కినప్పుడు తప్పంతా థర్మోస్టాట్ మీదికి, ఫ్యాన్ బెల్టు మీదికి పోతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను, చెప్పిన పాళ్లలో, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడం చాలా చవకైన పని. వేడి మీద ఉన్న రేడియేటర్ మూత తీయకూడదన్నది అందరికీ తెలిసిందే అయినా చెప్పక తప్పదు. అది కూడా దాగిన బలమే, మూత వదులు కాగానే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

గాలి బ్రేకుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇంటి పనికి, షెడ్డు పనికి మధ్య గీత ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. గాలిని నొక్కే కంప్రెసర్ తేమను కూడా నొక్కుతుంది, ఆ తేమ ట్యాంకుల అడుగున నీరై నిలుస్తుంది. ట్యాంకు కింద ఉన్న చిన్న వాల్వు రింగును లాగితే బుస్సుమని గాలితోపాటు అది బయటికి వస్తుంది. ఎన్నూరు లాంటి సముద్రపు గాలి ఉన్న చోట ఈ పని వాయిదా వేయకూడదు. ఏమి బయటికి వచ్చిందో చూడటం, లాగడం కంటే ముఖ్యం. ఎయిర్ డ్రయర్ ఉన్న బండిలో నీరు దాదాపు రాకూడదు. వస్తోందంటే డ్రయర్ క్యాట్రిడ్జి పని అయిపోయిందన్నమాట. నీటికి బదులు జిగురుగా, చిక్కగా వస్తే కంప్రెసర్ ఆయిల్‌ను గాలిలోకి పంపుతోంది.

తర్వాత కారుడు పరీక్ష. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి, గేజి నిండా గాలి ఎక్కించి ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒకరు బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఒక నిమిషంలో గేజి ముల్లు కంటికి కనిపించేలా దిగితే ఎక్కడో గాలి పోతోంది. బండి కిందికి దూరకుండా, బయటి నుంచి అందినంత మేరకు సబ్బు నీటిని గొట్టాల అతుకుల మీద చల్లితే బుడగలు ఆ చోటును చూపిస్తాయి. తెల్లవారుజామున, వీధి ఇంకా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, చెవికే తెలిసిపోతుంది.

ఇంతవరకు ఎవరైనా చేయవచ్చు. వెనక చక్రాల దగ్గర రెండు డబ్బాలు జోడించినట్టు కనిపించే బ్రేకు చాంబరు దగ్గర మాత్రం చేతులు ఆపాలి. దాని వెనక భాగంలో బలమైన స్ప్రింగు ఎప్పుడూ అణిగే ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసినప్పుడు గాలి బయటికి పోయి, ఆ స్ప్రింగు సాగి బ్రేకు పట్టిస్తుంది. గాలి ఎక్కితే స్ప్రింగు వెనక్కి నొక్కుకుని బ్రేకు వదులుతుంది. ట్యాంకులు పూర్తిగా ఖాళీ అయినా స్ప్రింగు బలం పోదన్నది చాలామందికి తట్టని సంగతి. గాలి లేదు కదా అని బిగింపు పట్టీ విప్పితే వందల కిలోల బలంతో ఆ మూత ఎగిరివస్తుంది. ప్రాణాలు పోయేంత దెబ్బ అది. ఈ చాంబరు పాడైతే మొత్తంగా మార్పించాలి, అదీ స్ప్రింగును బోల్టుతో బంధించడం తెలిసిన చోటే. లోపలి రబ్బరు డయాఫ్రమ్ ఒక్కటే మారిస్తే ఖర్చు చిన్నది కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు.

బ్రేకు అరిగేకొద్దీ పెరిగే సందును సర్దే స్లాక్ అడ్జస్టర్ విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. పాత బండ్లలో దాన్ని చేత్తో తిప్పి బ్రేకు దగ్గర చేయడం మామూలే. కొత్త బండ్లలో అది తనంతట తానే సర్దుకుంటుంది. అలాంటిదాన్ని మాటిమాటికీ స్పానర్‌తో తిప్పితే అప్పటికి బ్రేకు పట్టినట్టే ఉంటుంది, అసలు జబ్బు మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది. సర్దుకోవలసినది సర్దుకోవడం లేదంటే అది చెడిందని అర్థం.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. పరుగు మీద వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరుగుతుంది, అది చూసి గాలి తీసేసేవారు టైరుకు కీడు చేస్తున్నారు. వెనక జంట టైర్లలో ఒకదానిలో గాలి తగ్గితే దాని భారం పక్కదాని మీద పడుతుంది, రెండూ పాడవుతాయి. లోపలి టైరుకు చేయి అందడం కష్టం కాబట్టి దాన్ని సుత్తితో కొట్టి చప్పుడు వినే అలవాటు ఉంది. పూర్తిగా దిగిన టైరును చప్పుడు పట్టిస్తుందేమో గానీ, పాతిక పౌండ్లు తగ్గినదాన్ని పట్టించలేదు. గేజి తప్పనిసరి. గాలి బాగా తగ్గిన స్థితిలో దూరం నడిచిన రేడియల్ టైరులో పక్క గోడ ఉక్కు తీగలు నలిగిపోతాయి. దానికి మళ్లీ గాలి నింపుతుంటే జిప్పు విప్పినట్టు ఒక్కసారిగా చీలవచ్చు. టైరును పట్టి ఉంచే లాక్ రింగు ఉన్న పాత రకం డిస్కులదీ ఇలాంటి ప్రమాదమే, రింగు సరిగా కూర్చోకపోతే కత్తిలా ఎగురుతుంది. ఈ రెండింటికీ ఇనుప పంజరం ఉన్న చోటే గాలి నింపాలి. చిన్న కంప్రెసర్ కొని ఇంటి దగ్గరే టైరు పనులన్నీ చేసుకోవాలనుకునేవారు ఈ ఒక్క మాట విని తీరాలి.

చక్రం నట్ల దగ్గర కంటికి పని చెప్పాలి. నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు చార సూర్యకిరణంలా బయటికి సాగి ఉంటే ఆ నట్టు వదులై కదులుతోందని అర్థం. చక్రం విప్పి బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మరోసారి బిగింపు చూడాలి.

ఇప్పుడు డీజిల్ దారి. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ రోజుల్లో ట్యాంకులో చేరే తేమ, పంపు దగ్గరే కలిసివచ్చే నీరు వాటర్ సెపరేటర్ అడుగున చేరతాయి. కింది మరను వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొంచెం దించి చూడాలి. నీరు బరువైనది కాబట్టి అడుగున ముత్యంలా నిలిచి, పైన డీజిల్ తేలుతుంది. శుభ్రమైన డీజిల్ మాత్రమే వచ్చేదాకా దించితే చాలు. రెండు నిమిషాలు కూడా పట్టని ఈ పని వల్ల ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు తుప్పు పట్టకుండా ఉంటాయి. ఇంజెక్టర్లో భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే, అక్కడ నీటి బొట్టు చేసే నష్టం చాలా పెద్దది.

కానీ ఇంజెక్టర్ గొట్టాల దగ్గర తరాల అనుభవమే ప్రమాదంగా మారిన విషయం ఒకటి ఉంది. 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలై, 1955లో అశోక్ లేలాండ్‌గా మారిన సంస్థ కర్మాగారం ఎన్నూరులోనే ఉంది. ఆ ఇంజన్ల చుట్టూ పెరిగిన ఊరిలో డీజిల్ పంపు విద్య షెడ్లలో గురువు నుంచి శిష్యుడికి చేతి మీదుగా వచ్చింది. ఇంజను తిరుగుతుండగానే ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును వదులు చేసి, చప్పుడు మారకపోతే ఆ సిలిండరే పనిచేయడం లేదని పట్టుకోవడం ఆ విద్యలో మొదటి పాఠం. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే నేటి కామన్ రైల్ ఇంజన్ మీద ఇదే పని చేస్తే చేయి పోతుంది. అందులో డీజిల్ ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది. సూది మొనంత ధార కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స అవసరమవుతుంది. పాత మెకానిక్‌లది అజ్ఞానం అనడం అన్యాయం, వారు నేర్చుకున్న యంత్రం వేరు. యంత్రం మారిందన్న మాట వారికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడమే లోపం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం ప్రకారం అమ్ముడైన బండ్లలో మార్పు ఇంకా లోతైనది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు వాటిలో ఉంటుంది. అది నిండినప్పుడు వేడిని పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. కాలుతున్నట్టు డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగినప్పుడు మధ్యలో ఇంజను ఆపేయడం మంచిది కాదు. అలా పదే పదే ఆపితే మసి పేరుకుంటుంది, కొన్ని ఇంజన్లలో అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఇందాక చెప్పుకున్న పెరిగిన ఆయిల్ మట్టానికి కారణం ఇదే. ఈ బండ్లకు ఆయిల్ కూడా బూడిద తక్కువ మిగిల్చే రకమే వాడాలి. డబ్బా మీద ఏ గ్రేడు రాసి ఉందో చూడకుండా, ఇన్నాళ్లూ వాడినదే పోయడం డీపీఎఫ్‌ను చేతులారా మూసేయడమే.

పొగలోని హానికర వాయువులను తగ్గించేందుకు పెద్ద బండ్లలో పోసే డెఫ్ ద్రవాన్ని వాడుకలో యూరియా అంటున్నారు. ఆ పేరే కొంత అనర్థం తెచ్చింది. అందులో 32.5 శాతం యూరియా, మిగిలినది ఖనిజాలు తీసేసిన శుద్ధమైన నీరు. పొలం ఉన్న కుటుంబాల్లో బస్తా యూరియాను నీటిలో కలిపి పోస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తోంది. సరిపోదు. 2015 నుంచి దేశంలో ఎరువుగా అమ్మే యూరియాకు వేప నూనె పూత తప్పనిసరి. ఆ నూనె, ఎరువులోని మలినాలు, బోరు నీటిలోని సున్నం కలిసి చిమ్మే నాజిల్‌ను మూసేస్తాయి, వెనక ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును చంపేస్తాయి. క్యాటలిస్టు మార్చే ఖర్చు ముందు డెఫ్ మీద మిగిల్చిన డబ్బు ఏ మూలకూ రాదు. పైగా రాయితీ ఎరువును ఇతర అవసరాలకు మళ్లించడం నేరం. డెఫ్ పోసే గరాటు కూడా విడిగా ఉండాలి, డీజిల్ పోసినది వాడకూడదు.

కరెంటు పనుల్లో ఒక్క తప్పు గురించి చెబితే చాలు. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు తీస్తారు. క్యాబిన్‌లో ఫ్యానుకో పాటలకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగడం విపరీతంగా ఉంది. అప్పుడు ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ చార్జిలో, రెండోది ఎప్పుడూ అవసరానికి మించిన చార్జిలో ఉండి రెండూ త్వరగా పోతాయి. 24 వోల్టులను 12కు దించే కన్వర్టర్ వాడితే ఈ బాధ ఉండదు. బాడీకి వెల్డింగ్ పెట్టించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పి, కంప్యూటర్ ప్లగ్గు తీయించాలి.

వరద గురించి చెప్పకుండా చెన్నైలో బండి గురించి మాట్లాడలేం. 2015 డిసెంబర్లోనూ, 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడూ ఎన్నో బండ్లు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. నీరు దిగగానే సెల్ఫ్ కొట్టి చూడాలనిపించడం సహజం, చేయకూడని మొదటి పని కూడా అదే. సిలిండరులో నీరు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఎయిర్ ఫిల్టరు తెరిచి తడి చూడాలి, డిప్‌స్టిక్ చూడాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది వెనక ఇరుసు గేర్లు ఉండే హౌసింగ్. దాని మీద గాలి ఆడేందుకు చిన్న బ్రీదర్ ఉంటుంది, నీటిలో మునిగితే అదే దారిలో నీరు గేర్ ఆయిల్‌లోకి దిగుతుంది. బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టును కొంచెం మాత్రమే వదులు చేయాలి. లోపల నీరుంటే ఆయిల్ కంటే ముందు అదే కారుతుంది. గేర్ ఆయిల్‌తో కలిసిపోయి ఉంటే మజ్జిగ రంగులో వస్తుంది. రెంటిలో ఏది కనిపించినా ఆ ఆయిల్ మొత్తం దించేయాలి. హబ్బుల్లో గ్రీజు తెల్లబడితే బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూర్చవలసిందే. అది చేయి తిరిగినవారి పని, బేరింగు బిగింపు కొంచెం ఎక్కువైనా తక్కువైనా చక్రమే పోతుంది.

బండి కిందికి వెళ్లే ప్రతి పనికీ ఒకటే నియమం: జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. ఎత్తిన తర్వాత బరువు ఇనుప స్టాండు మీదికి దిగాలి. ఖాళీ స్థలాల్లో నేల మెత్తగా ఉంటుంది, వాన తర్వాత మరీను. స్టాండు కింద మందపాటి చెక్క వేయకపోతే అది మెల్లగా కుంగుతుంది. క్యాబిన్‌ను సగం దాకా లేపి తల దూర్చకూడదు, లాకు పడేదాకా పూర్తిగా లేపాలి. టిప్పర్ తొట్టి లేపి కిందికి వెళ్లేవారు హైడ్రాలిక్ మీద భరోసా పెట్టుకోకూడదు. గొట్టం ఒక్కటి తెగితే తప్పించుకునే సమయం ఉండదు. తొట్టికి ఇనుప ఊతం పెట్టాకే దాని కింద గ్రీజు కొట్టడమైనా మొదలవ్వాలి.

విడి భాగాల కోసం అన్నా సాలై పక్కన ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సామాను కోసం పుదుపేట ఈ నగరంలో పేరున్న చోట్లు. పుదుపేటలో తలుపు, అద్దం, సీటు, బంపరు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, మంచి సరుకే దొరుకుతుంది. బ్రేకు గొట్టం, స్టీరింగ్ బాల్ జాయింట్, కమాను పట్టీల బోల్టులు మాత్రం పాతవి కొనకూడదు. పాత ఇనుములో లోపలి పగులు కంటికి కనిపించదు.

దించిన ఆయిల్ ఎక్కడికి పోతుందన్నది కూడా ఈ పనిలో భాగమే. రెడ్‌హిల్స్ దగ్గరి పుళల్ చెరువు చెన్నైకి తాగునీరు ఇస్తుంది. దాని చుట్టుపక్కలే ఇన్ని బండ్లు నిలుస్తున్నాయి. వాడిన ఆయిల్ చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం. దాన్ని కాలువలోకి వదిలితే వాన పడిన రోజున పిల్లలు తాగే నీటి వైపు వెళ్లవచ్చు. పాత డబ్బాల్లోనే తిరిగి పోసి, మూత బిగించి, అనుమతి ఉన్నవారికి అమ్మితే కొంత డబ్బు కూడా వస్తుంది.

ఎనిమిదేళ్ల లోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. ఆ తేదీకి వారం ముందు రంగులు వేయించి, రిఫ్లెక్టర్ పట్టీలు అంటించే హడావిడి అందరికీ అలవాటే. అంతకంటే పనికొచ్చేది డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకునే వంద పేజీల నోటుపుస్తకం. తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, ఏమి చూశారు, ఏమి మార్చారు, రాసేది ఇంతే. ఈ నెల ఎన్ని లీటర్ల ఆయిల్ కలిపారో, కూలెంట్ ఎన్నిసార్లు పోశారో వరుసగా కనిపిస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో మెకానిక్‌కు చూపించవచ్చు. బండి ఇంకొకరి చేతికి ఇచ్చి పంపినప్పుడు, రాత్రి నాయుడుపేట దగ్గర ఆగిన డ్రైవరు ఫోను చేసి అడిగితే, ఫ్యాన్ బెల్టు ఎప్పుడు వేసిందో ఇంట్లో ఉన్నవాళ్లే తమ ఫోనులోని ఫొటోలో చూసి చెప్పేలా, వారానికోసారి ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.